417 నెంబరు వారసులు

బొమ్మరాజుగూడెం పంచాయతీ ఆఫీసు ముందు ఒక నల్లరాతి పలక నిలబెట్టాలన్నప్పుడు ఊళ్లో ఎవరూ కాదనలేదు. రెండో ప్రపంచ యుద్ధానికి ఈ ఊరి నుంచి ఇరవై ముగ్గురు వెళ్లారని పెద్దవాళ్లు చెప్పేవారు. ఇప్పుడు వెళ్లినవాళ్లూ లేరు, చెప్పే పెద్దవాళ్లూ లేరు. పేర్లైనా మిగలాలన్నది ఆలోచన. మంచి ఆలోచనే. దానికొక కమిటీ వేశారు. చిక్కు అక్కడ మొదలైంది.

కమిటీకి పెద్ద రిటైర్డు సుబేదారు సత్తిరాజు. ఆయన తండ్రి ఆ యుద్ధంలో హవల్దారు. ప్రభుత్వం ఇచ్చిన కాగితం ఉన్న పేరు మాత్రమే రాతి మీదికి ఎక్కాలని సత్తిరాజు మొదటి సమావేశంలోనే తీర్మానం రాయించాడు. ఇరవై రెండు కుటుంబాలు పెట్టెలు తిరగేసి కాగితాలు తెచ్చాయి. తేలేనిది ఒక్క మద్దాల ఏసోబు కుటుంబమే. అంటే ఏసోబు కూతుళ్లిద్దరు. పెద్దది రూతమ్మకి డెబ్బై ఎనిమిది, చిన్నది సువార్తకి డెబ్బై అయిదు.

సువార్త ముప్పై నాలుగేళ్లు మూడో తరగతికి పాఠాలు చెప్పి రిటైరైన టీచరు. తప్పు లెక్క కనిపిస్తే దిద్దకుండా పక్కకు జరగలేదు. తిన్నగా సత్తిరాజు ఇంటికే వెళ్లింది.

"సుబేదారుగారూ, మా నాన్న యుద్ధానికెళ్లాడని ఈ ఊళ్లో తెలియనివాళ్లున్నారా?"

"ఎవరూ లేరు టీచరమ్మా. నేను నమ్ముతాను, మా ఆవిడ నమ్ముద్ది, ప్రెసిడెంటుగారు నమ్ముతారు. కానీ మనమెవరం ఎప్పటికీ ఉండం గదా. రాయి ఉంటది. రాయికి రుజువు కావాలి."

"వచ్చే నెలాఖరుకి తెస్తే సరిపోద్దా?"

"ఆ నెలాఖరుకే రాయి చెక్కేవాడొస్తాడు. వాడొచ్చేలోపు తెండి."

మాట మర్యాదగానే ఉంది. కానీ గేటు దాటుతుంటే సువార్తకి చెవులు వేడెక్కాయి. చిన్నప్పుడు బళ్లో పిల్లలు అనే మాటలు గుర్తొచ్చాయి. మీ నాన్న తుపాకీ పట్టలేదంటగా, గాడిదలు తోలాడంటగా అనేవారు. ఇంటికొచ్చి అడిగితే ఏసోబు ఔననేవాడు కాదు, కాదనేవాడూ కాదు.

"మరి అక్కడేం చేశావు నాన్నా?"

"నడిచానమ్మా" అనేవాడు. అంతే.

చచ్చిపోయేదాకా ఆయన యుద్ధం గురించి చెప్పింది ఆ ఒక్క మాటే. ఇంట్లో మిగిలింది ఒక్క ఫొటో. అందులో బక్కపల్చటి ఏసోబు, మోకాళ్ల దాకా బురద, పక్కన ఒక కంచరగాడిద. ఏసోబు సిగ్గుపడుతున్నట్టు నేలచూపులు చూస్తున్నాడు. కంచరగాడిద మాత్రం తిన్నగా కెమెరాలోకి చూస్తోంది.

ఆ ఫొటో చేతిసంచిలో పెట్టుకుని సువార్త పట్నం బస్సెక్కింది.

'యుద్ధకాల సేవాచరితముల పరిశీలనా కార్యాలయము' అన్న బోర్డు కింద, రెండో అంతస్తులో, భీమేశ్వరరావుగారనే అధికారి ఉన్నారు. చెడ్డమనిషి కాదు. కుర్చీ చూపించారు, మంచినీళ్లు ఇప్పించారు. కాకపోతే ఆఫీసు మెట్లెక్కగానే ఆయన నోట్లోంచి మామూలు తెలుగు పోయి ఆఫీసు తెలుగు వచ్చేది.

"దరఖాస్తుదారువారి జనకుల సంఖ్య?"

"ఒక్కరేనండీ" అంది సువార్త, కొంచెం కోపంగానే.

"అది కాదమ్మా. సైనిక సంఖ్య. నెంబరు."

"తెలీదండీ. పేరు ఏసోబు. ఊరు బొమ్మరాజుగూడెం. వెళ్లిన ఏడు నలభై రెండు, తిరిగొచ్చిన ఏడు నలభై ఆరు."

"నామధేయమును బట్టి శోధన చేయు విధానము ఈ కార్యాలయమున లేదు. సంఖ్యను బట్టియే శోధన. సంఖ్య లేనియెడల వ్యక్తి లేడు."

"ఉన్నాడండీ. నేను ఆయన కూతుర్ని."

"తమరు ఉన్నారు. అందులో సందేహము లేదు" అన్నారు భీమేశ్వరరావుగారు, ఆ మాత్రం ఒప్పుకోవడం తన మంచితనం అన్నట్టుగా.

సువార్త ఫొటో తీసి బల్ల మీద పెట్టింది. ఆయన భూతద్దం తీశారు. ఏసోబుని పైనించి కింది దాకా చూసి, ఏమీ దొరక్క, పక్కకు జరిపి, ఒక్కసారి కుర్చీలో నిటారుగా కూర్చున్నారు.

"సంఖ్య ఉన్నది! నాలుగు వందల పదిహేడు!"

"అది కంచరగాడిద మెడలో బిళ్లండీ."

"ఎవరి మెడలో ఉన్నది అనునది తదుపరి విషయము. సంఖ్య లభించినది. సంఖ్య లభించిన పిదప శోధన ఆరంభింపవలెనని ఏడవ నిబంధన."

శోధనకి పన్నెండు రోజులు పట్టింది. సువార్త మళ్లీ వెళ్లేసరికి రికార్డుల గది చూసే హైమావతి, మూతికి గుడ్డ కట్టుకుని, రెండు చేతుల్తో ఒక కట్టని మోసుకొచ్చి బల్ల మీద దించింది. దుమ్ము లేచింది. పసిపిల్లని చుట్టిన మూటంత ఉంది అది. పైన 417 అని ఎర్రసిరాతో రాసి ఉంది.

"ఇంతా మా నాన్నదా?"

"కాదమ్మగారూ, మీ నాన్నగారిది ఒక్క కాగితం కూడా లేదు. ఇదంతా గాడిదదే" అంది హైమావతి గుడ్డ విప్పుకుంటూ. "జంతువుల్ని ప్రభుత్వం కొనుక్కుందండి. కొన్నది ఏమైందో పైవాళ్లకి జవాబు చెప్పాలి. అందుకని రోజూ రాశారు. మనుషులు వాళ్లంతట వాళ్లే వచ్చారు. వాళ్ల గురించి ఎవరడుగుతారు?"

సువార్త చెయ్యి చాపింది. భీమేశ్వరరావుగారు కట్ట మీద అరచెయ్యి పెట్టారు.

"మన్నించవలెను. ఇది అన్యుల వ్యక్తిగత సమాచారము."

"గాడిదకి వ్యక్తిగతమేంటండీ?"

"దంతముల వివరములున్నవి. ఉదరవ్యాధి వివరములున్నవి. చికిత్సా వివరములు వారసులకు తప్ప ఇతరులకు చూపరాదు. ఇది పందొమ్మిదవ నిబంధన. నిబంధనలో 'మనుష్యుల' అను పదము లేదు. లేని పదమును చేర్చుటకు నాకు అధికారము లేదు."

"మరి దాని వారసుల్ని నేనెక్కణ్ణుంచి తేవాలండీ?"

సువార్త విసుగుతో అన్న మాట అది. భీమేశ్వరరావుగారు దాన్ని ప్రశ్నగా స్వీకరించారు. అది ఆయన స్వభావం. ముప్పై ఏళ్ల సర్వీసులో ఆయన్ని ఎవరూ ఇంత మంచి ప్రశ్న అడగలేదు. నాలుగు రోజులు కూర్చుని పదకొండు పేరాల నోటు రాశారు.

నోటు సారాంశం ఇది. కంచరగాడిద గుర్రానికీ గాడిదకీ పుట్టినది. దానికి సంతానం కలగదు. కనుక 417కి సంతు లేదు. తల్లిదండ్రులు కాలధర్మం చెంది ఉండక తప్పదు. తోబుట్టువుల ఆచూకీ తెలియదు. ఇట్టి పరిస్థితిలో, చివరి వరకు దాని పోషణ చూసిన వ్యక్తే దాని వారసుడు. ఫొటోను బట్టి ఆ వ్యక్తి శ్రీ ఏసోబు. శ్రీ ఏసోబు వారసులు ఎవరో వారే 417కి కూడా వారసులు. అభ్యంతరాలున్నవారు పదిహేను రోజుల్లోగా తెలుపుకోవలెను.

ఈ నోటుని బట్టి ఒక ప్రకటన తయారై, కార్యాలయం బోర్డు మీదా, నియమం ప్రకారం బొమ్మరాజుగూడెం పంచాయతీ బోర్డు మీదా అంటించారు. 'కీర్తిశేషులు 417 సంఖ్య గల కంచరగాడిద యొక్క వారసురాలిగా గుర్తింపు కోరుచున్న శ్రీమతి సువార్త' అన్న ముక్క ఊరంతా పదింటికల్లా చదివేసింది. పాలకేంద్రం దగ్గర ఒకాయన సువార్తకి సానుభూతి కూడా తెలిపాడు.

పదకొండింటికి రూతమ్మ వచ్చింది. చర్చిలో స్త్రీల సమాజానికి ఇరవై ఏళ్లుగా ఆవిడే పెద్ద. చేతికర్రతో తలుపు నెట్టుకుని లోపలికొచ్చింది.

"ఒసేయ్ సువార్తా! నాన్న పేరు రాయెక్కించవే అంటే మనల్ని గాడిద పిల్లల్ని చేశావటే?"

"పిల్లలం కాదక్కా. వారసులం. పిల్లలు పుట్టరని ఆయన నోటులో రాశాడుగా."

"ఆదివారం నేను మందిరంలో మొహం ఎలా చూపించనే? పాస్టరుగారు ఆ కాగితం ముందు నిలబడి రెండుసార్లు చదివారంట!"

సువార్త ప్రకటన నకలు అక్క చేతిలో పెట్టింది. రూతమ్మ కళ్లజోడు సవరించుకుని, వేలు పెట్టి, పదం పదం చదివింది. చదువుతుంటే కోపం ముఖంలోనే ఉంది కానీ దిక్కు మారింది.

"ఇందులో నీ పేరొక్కటే ఉందేంటే?"

"దరఖాస్తు నేనేగా పెట్టింది."

"పెద్దదాన్ని నేను బతికుండగా నీ ఒక్కదాని పేరెలా రాస్తారు? ఆ గాడిదకి నువ్వు వారసురాలివైతే నేను కానా?"

వచ్చిన అభ్యంతరం అదొక్కటే. ప్రథమ వారసురాలి స్థానం తనకే చెందాలంటూ రూతమ్మ రాసిన దరఖాస్తుని భీమేశ్వరరావుగారు సబబైనదిగా భావించి వెంటనే ఆమోదించారు. రాయి చెక్కేవాడు రావడానికి ఒక్క రోజుందనగా అక్కాచెల్లెళ్లిద్దరూ బస్సులో పక్కపక్కన కూర్చుని పట్నం వెళ్లారు. రూతమ్మ చర్చికి కట్టుకునే తెల్లచీర కట్టుకుంది.

కార్యాలయంలో వాళ్లిద్దరికీ వారసుల గుర్తింపు పత్రాలిచ్చారు. తర్వాత భీమేశ్వరరావుగారు లేచి నిలబడి కట్ట అప్పగించారు. హైమావతి ఫ్యాను ఆపేసింది, కాగితాలు ఎగరకుండా. రాత అంతా ఇంగ్లీషులో ఉంది. సువార్త ఒక్కొక్కటే చదివి అక్కకి తెలుగులో చెప్పసాగింది.

మొదటి పేజీలో 417 ఎత్తు, రంగు, పళ్లు, చెవి చివర గాటు. కింద 'అనుబంధ సామగ్రి' అని శీర్షిక. దుప్పటి ఒకటి. మేతసంచి ఒకటి. తాళ్లు రెండు. మనిషి ఒకడు.

"ఆ మనిషి ఎవరే?" అంది రూతమ్మ.

సువార్త వేలు పెట్టి చూపించింది. ఆ వరస పక్కన సన్నటి అక్షరాలతో ఏసోబు అని ఉంది. ఎనభై మూడేళ్ల కిందట రాసిన తండ్రి పేరు మొదటిసారి చూస్తోంది ఆవిడ. మేతసంచికీ తాళ్లకీ కింద ఉన్నా, అక్షరాలు మాత్రం గుండ్రంగా పొందిగ్గా ఉన్నాయి.

పేజీలు తిరుగుతున్నకొద్దీ 417 కథ సాగింది. బర్మా సరిహద్దు కొండలు, వానలు, తిండి మూటలు మోస్తూ పైపైకి ప్రయాణం. పశువుల డాక్టరు రాసిన ముక్కలు అక్కడక్కడా ఉన్నాయి. 'ఈ జంతువు ఏసోబు చేతి మేత తప్ప తినడం లేదు. సామగ్రిలోని మనిషిని మార్చరాదు.' ఇంకోచోట, 'సామగ్రిలోని మనిషికి మలేరియా. ఆస్పత్రికి పంపితే జంతువు మేత మానేస్తుంది కనుక, జంతువు క్షేమం దృష్ట్యా, ఆస్పత్రిని నిరాకరించడమైనది.'

"వీళ్ల క్షేమం పాడుగాను!" అంది రూతమ్మ.

భీమేశ్వరరావుగారు గొంతు సవరించుకున్నారు.

కట్ట మధ్యలో ఒక కాగితం విడిగా కుట్టి ఉంది. అది సంజాయిషీ. 417 వీపు మీద పుండు పడిందనీ, జీను సరిగా కట్టకపోవడం నేరమనీ, అంతకంటే పెద్ద నేరంగా, పదకొండు రోజుల పాటు దాని బరువుని పైవాళ్ల అనుమతి లేకుండా సామగ్రిలోని మనిషి తన వీపు మీద మోశాడనీ, దీనికి కారణం చెప్పాలనీ అడిగారు. కింద ఎవరో రాయసగాడు ఏసోబు మాటల్ని ఉన్నవున్నట్టు ఇంగ్లీషులోకి దించాడు. చివర వేలిముద్ర.

సువార్త ఆ ముక్కల్ని మనసులో తెలుగు చేసుకుంది. చేస్తుంటే అవి తండ్రి గొంతుతోనే వినిపించాయి.

"'దానికి వీపు పుండయ్యిందండి. మోసేవాళ్లం మేమిద్దరమే. ఒకళ్లకి బాగోకపోతే రెండోవాళ్లు మొయ్యాలి గదండి. పైన సిపాయిలు తిండి లేకుండా ఉన్నారన్నారు. అడగడానికి దొరగారు దగ్గర్లో లేరు. రూతుని వదిలేసి రమ్మన్నారు గానీ నాకు చేతకాలేదండి.'"



"రూతేంటే?" అంది రూతమ్మ.

సువార్త పేజీ వెనక్కి తిప్పింది. 'సిపాయిలు పిలుచుకునే పేరు' అన్న గడిలో ఉంది. రూతు.

రూతమ్మ చాలాసేపు ఆ గడి వంక చూసింది. ఇంగ్లీషు చదవలేకపోయినా తన పేరుని ఏ అక్షరాల్లోనైనా గుర్తుపట్టగలదు.

"బైబిల్లోంచి పెట్టానన్నాడే నాతో" అంది చివరికి, చిన్నగా.

"బైబిల్లోంచే పెట్టాడక్కా. ముందు దానికి పెట్టాడు."

రూతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందేమోనని హైమావతి మంచినీళ్లు తెచ్చింది. తీరా చూస్తే నవ్వుతోంది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "అందుకేనే, నాకు జొరమొస్తే పనికి పోకుండా పక్కనే కూర్చునేవాడు. అన్నం తినకపోతే ఊరంతా ఎత్తుకు తిప్పేవాడు. నేనేదో పెద్దకూతురునని అనుకున్నాను!"

చివరి పేజీలో రెండే వరసలున్నాయి. '417 వయసు మీరి మరణించినది. అనుబంధ సామగ్రి తిరిగి అప్పగించడమైనది: దుప్పటి ఒకటి, చిరిగినది. మేతసంచి ఒకటి, చిరిగినది. తాళ్లు రెండు, పనికిరావు. మనిషి ఒకడు, మంచి స్థితిలో.'

ఆ సాయంత్రమే భీమేశ్వరరావుగారు ధ్రువపత్రం ఇచ్చారు. '417 సంఖ్య గల కంచరగాడిద, ఏసోబు అను అనుబంధ సామగ్రి సహితముగా, యుద్ధసేవ చేసియున్నట్లు ధ్రువీకరించడమైనది.' ఇంతకంటే తన చేతిలో లేదన్నారు. సంజాయిషీ కాగితం నకలు కూడా, వారసుల హక్కు కింద, ముద్ర వేసి ఇచ్చారు. గుమ్మం దాకా వచ్చి, "ఆయన వీపు ఎలా ఉండేదమ్మా తర్వాత?" అని మామూలు తెలుగులో అడిగారు.

"వంగి ఉండేదండి" అంది సువార్త.

మర్నాడు కమిటీ కూర్చుంది. రాయి చెక్కేవాడు పలక పక్కన ఉలి సర్దుకుంటున్నాడు. సత్తిరాజు ధ్రువపత్రం చదివాడు. ఇంకోసారి చదివాడు.

"టీచరమ్మా, తీర్మానం ప్రకారం ఇది గాడిద సర్టిఫికెట్టు. మీ నాన్నగారిది కాదు."

"ప్రభుత్వం కాగితమేగా సుబేదారుగారూ? అందులో పేరుందా లేదా?"

"ఉంది. సామాను కింద ఉంది."

"ఇదికూడా చూడండి" అని సువార్త రెండో కాగితం ఇచ్చి, దాన్ని తెలుగులో చదివి వినిపించింది. మూడో తరగతికి చదివినట్టే, ఎక్కడా గొంతు పెంచకుండా.

సత్తిరాజు కాగితం తిరిగి ఇవ్వలేదు. చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు. దాన్నే చూస్తూ అన్నాడు.

"మా నాన్న కాగితం నా దగ్గరుంది. నెంబరు, చేరిన తేదీ, మానేసిన తేదీ. అంతే. మూడే వరసలు. ఏ కొండెక్కాడో, ఏం తిన్నాడో, ఎవర్ని మోశాడో... మా నాన్నకి ఇంత రాయలేదమ్మా ఎవరూ."

మిగతా ఇరవై ఒక్క కుటుంబాల వాళ్లూ తమ కాగితాలు విప్పి చూసుకున్నారు. అన్నీ మూడేసి వరసలే.

సత్తిరాజు లేచి రాయి చెక్కేవాడి దగ్గరికెళ్లాడు. "మద్దాల ఏసోబు. చెక్కు. కాగితంలో ఇద్దరున్నారు, ఒకళ్లని వదిలేస్తే తప్పు. పక్కనే రూతు అని కూడా చెక్కు." చోటు చాలక అతను రెండు పేర్లనీ ఒకే వరసలో, మధ్యలో ఖాళీ లేకుండా చెక్కాడు. చూసినవాళ్లంతా మొగుడూ పెళ్లాలనుకుంటారని ఎవరో అంటే, "మా అమ్మ ఉంటే ఊరుకునేది కాదు" అంది రూతమ్మ, పేరు మీద పడ్డ రాతిపొడిని కొంగుతో తుడుస్తూ.

తర్వాతి సోమవారం పొద్దున్నే సత్తిరాజు సువార్త ఇంటి ముందు నిలబడ్డాడు. ఇస్త్రీ బట్టలు, చేతిలో ఫైలు.

"టీచరమ్మా, ఆ ఆఫీసు సంగతులు మీకు తెలుసుగా. తోడొస్తారా?"

వాళ్లు వెళ్లేసరికి మెట్ల మీద బొమ్మరాజుగూడెం వాళ్లే ఇంకో ఆరుగురు ఉన్నారు. ఒకాయన తన తండ్రి గుర్రాల పటాలంలో ఉండి ఉండొచ్చని, ఇంకొకాయన కనీసం ఎద్దుబండైనా తోలి ఉండకపోడని ఆశగా చెప్పుకుంటున్నారు. గుమ్మం పక్కన 'జంతు వారసత్వ విభాగము' అని కొత్త బోర్డు, రంగు ఇంకా ఆరలేదు.

భీమేశ్వరరావుగారు సత్తిరాజు ఫైలు చూశారు. "జనకులవారి సంఖ్య ఉన్నది. సంతోషము. వారి జంతువు సంఖ్య?"

"మా నాన్న కాలినడక సిపాయండి. జంతువు లేదు."

"గుర్రము?"

"లేదండి."

"పావురము?"

"ఏదీ లేదండి. ఒక్కడే."

భీమేశ్వరరావుగారు కలం కింద పెట్టారు. ఆయన ముఖంలో నిజమైన జాలి కనిపించింది. "అయితే ఆయన గురించి ఎవరు రాసి ఉంటారండీ?"

ముప్పై ఏళ్లు సైన్యంలో నిటారుగా నిలబడ్డ మనిషి సత్తిరాజు. ఫైలు మూసి, తాడు కట్టబోయి, ముడి పడక అలాగే ఉండిపోయాడు. సువార్త ఆ ఫైలు ఆయన చేతుల్లోంచి తీసుకుని, పక్క కుర్చీ లాగి, "కూర్చోండి సుబేదారుగారూ" అంది. తర్వాత రికార్డుల గది వైపు తిరిగింది.

"హైమావతీ, సిపాయిలకి బూట్లు ప్రభుత్వమే కొని ఇచ్చిందా?"

హైమావతి అప్పటికే మూతికి గుడ్డ కట్టుకుంటోంది. "ప్రభుత్వమేనమ్మగారూ. జతకో పేజీ. రెండో బీరువా."